రాత్రి డ్యూటీ, చీమకుర్తి

పాలిషింగ్ యూనిట్ మీద అద్దె గది.
కింద రంపం రాయిని కోస్తూనే ఉంటుంది,
నీళ్లు పోసుకుంటూ, పళ్లు నూరుకుంటూ.
పైన నా పని:
గామా కిరణాల టెలిస్కోపు పంపే లెక్కల్లో
దారి తప్పినవాళ్లకు దారి చెప్పడం.

నేను శాస్త్రవేత్తను కాను. ముందే చెప్పాలి,
ఎందుకంటే మా మేనమామ సైదులు
అడిగినోళ్లకీ అడగనోళ్లకీ
"మావోడు ఉపగ్రహాలు చూస్తాడు" అని చెప్పేశాడు.
నేను చూసేది ఉత్తరాలు.
మ్యాపు ఖాళీగా వచ్చింది, ఎందుకు?
ఫైలు తెరుచుకోవడం లేదు, ఏం చెయ్యాలి?
డిగ్రీలు రాయాల్సిన చోట గంటలు రాసి
ఆకాశంలో ఎవరిదో వీధిలో నిలబడి
తన పల్సార్ తలుపు కొడుతుంటాడొక పెద్దాయన.
మెల్లగా చెప్తాను,
అయ్యా, ఇది కాదు, ఆ పక్క వీధి.

కొందరు థాంక్స్ అంటారు. కొందరు అనరు.
వ్యాసం చివర, చీమతలకాయంత అక్షరాల్లో
సహాయ బృందానికి కృతజ్ఞతలు అన్నచోట
నేనొక అరసున్నని.
ఎవరూ పలకరు,
ఒకప్పుడు అక్కడ ఉండేదని
తెలిసినవాళ్లకు తెలుసు.

నిన్న రాత్రి మిలెనా అనే పిల్ల రాసింది,
బల్గేరియాలో ఏదో చలి ఊరి నుంచి.
"పాత జాబితాల్లో లేని వెలుగు!
నాలుగేళ్ల చదువులో నాకు దొరికిన మొదటిది.
మా సారుకి కూడా చెప్పలేదు. ముందు మీకే."

అప్పుడే కరెంటు పోయింది.
రంపం ఆగింది.
ఒంగోలు రోడ్డు మీద లారీ గేరు మార్చడం
మంచం పక్కనే అన్నట్టు వినిపించింది.

ఇన్వర్టర్ మీద ఆమె మ్యాపు తెరిచాను.
మచ్చ ఉంది. నిజంగానే ఉంది.
బొట్టు పెట్టబోతే వేలు జారినట్టు
కాస్త పక్కకు సాగి ఉంది.
తేదీ చూశాను. గంట చూశాను.
ఇంకోసారి చూశాను, కాకూడదని.

చంద్రుడు.

ఎక్కడెక్కడి నుంచో దూసుకొచ్చిన కణాలు కొడితే
చంద్రుడి మీద రాయి గామాలో వెలుగుతుంది.
సూర్యుడి దగ్గర అప్పు తెచ్చిన వెలుగు కాదిది,
దెబ్బలు తిని తెచ్చుకున్నది.
దీనికి పాడ్యమి లేదు, చవితి లేదు.
అమావాస్య నాడు కూడా నిండుగానే ఉంటాడు,
మన కళ్లకే అందడు.

"అది చంద్రుడు, టికెట్ మూసేస్తున్నాను" అని రాశాను.
చెరిపేశాను.
కిందికి దిగాను.

సగం కోసిన బండ మీద నాగూర్ మీరా
సెల్లు లైటు పట్టుకుని అగ్గిపెట్టె వెతుక్కుంటున్నాడు.
ఆ వెలుతురు తడిరాతి మీద పడి
నల్లటి లోతులో బంగారు నలకలు లేచినాయి.
దీన్ని గెలాక్సీ అంటారు మార్కెట్లో,
అడుగుల లెక్కన అమ్ముతారు.
"ఏందబ్బాయా, మొగం అట్టుంది?"
"ఒక పిల్ల కొత్త చుక్క దొరికిందనుకుంది మావా. అది చంద్రుడు."
బీడీ ముట్టించి ఒక దమ్ము లాగి, ఆలోచించి,
"ఎవురూ చూపియ్యకుండా
చంద్రుణ్ణి తనంతట తనే కనుక్కుందన్నమాట" అన్నాడు.
"చిన్న ఇషయమా?"

కరెంటొచ్చేసరికి మెట్ల మీద ఉన్నాను.
రంపం పాత చోటు నుంచే మొదలుపెట్టింది.

మిలెనా గారూ,
మీ లెక్కలో తప్పు లేదు. మీరు చూసింది ఉంది.
దానికి పేరు ముందే పెట్టేశారు, అంతే.
ఈ రాత్రి మా ఊళ్లో అమావాస్య,
కిటికీలోంచి చూస్తే క్వారీ గుంట కూడా కనిపించదు.
చంద్రుడు మీ తెర మీద మాత్రం ఉన్నాడు.
మ్యాపులోంచి అతన్ని తీసేసే పద్ధతి
కింద వరసగా రాశాను.
తీసే ముందు
ఒక కాపీ దాచుకోండి.